మామిడి కొత్త, విండోస్ పదకొండు

సోని చెవుల గది తాళం తీసి, లైటు వేసి, బల్ల వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కంప్యూటరు లేదు. దాని చోట నల్లగా నిగనిగలాడుతూ ఇంకోటి కూర్చుని ఉంది. తెర మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఒలవలేదు. పాత డబ్బా ఉండే మూల దుమ్ము పట్టని చదరం ఒకటి మాత్రం మిగిలింది.

"ఎవుడు ముట్టుకున్నాడు దీన్ని" అంది, గదిలో ఎవరూ లేకపోయినా.

పెదబయలు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ట్రస్టు ఆసుపత్రిలో చెవుల గది సోనిదే. విశాఖలో కోర్సు చదివొచ్చి, అప్పట్నుంచి కొండల్లో చెవుడు వచ్చినవాళ్ళందరికీ చెవి మిషన్లు పెడుతోంది. మిషనును వైరుతో కంప్యూటరుకు తగిలించాలి. ఎవరి చెవికి ఏ శబ్దం ఎంత కావాలో అందులో నొక్కి, మిషనులోకి ఎక్కించి, చెవికి పెట్టి పంపాలి. ఎక్కించకపోతే ఆ మిషను చెవిలో గవ్వ పెట్టుకున్నట్టు ఉత్తినే హోరుమంటుంది. సోని పని మీద ఎవరికీ పేచీ లేదు. నోటి మీదే ఉంది. రోగులు కూడా "ఆ గుంట తిడితే ఇనపడతాది, అదే టెస్టు" అని నవ్వుకుంటారు.

వెంటనే విశాఖకు ఫోను కలిపింది. హెడ్డాఫీసులో కంప్యూటర్లన్నీ చూసే లక్ష్మీప్రసాద్ ఎత్తాడు. ఆయన మహా మర్యాదస్తుడు. సోనికి మంటెక్కేది కూడా అందుకే. తిట్టే మనిషినైతే తిరిగి నాలుగు అనొచ్చు. ఈయన ప్రతిమాటకీ "మీరు చెప్పింది కరెక్టే సోనీ గారూ" అంటాడు, చేసేది మాత్రం తను అనుకున్నదే.

ఈ గొడవ చలికాలం నుంచీ నడుస్తోంది. సోని కంప్యూటర్లో ఉన్న విండోస్ ఏడును కంపెనీవాళ్ళే ఎప్పుడో వదిలేశారనీ, పదికి కూడా మొన్నటితో కాలం చెల్లిపోయిందనీ, ఇంక అందరూ పదకొండుకు రావాల్సిందేననీ ఆయన అంటాడు. పాత చెవి మిషన్ల ప్రోగ్రాము ఏడులో తప్ప నడవదనీ, ఆ మిషన్ల కంపెనీయే ఇప్పుడు లేదనీ, పోనీ పదిలో పెట్టి చూస్తే అందులోనూ మొండికేసిందనీ సోని అంటుంది. పాతదాన్ని నెట్ వైరు పీకేసి మూల పెట్టుకుంటానని బతిమాలింది. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. కిందటేడు ఇంకో సెంటర్లో పాత కంప్యూటరుకు వైరస్ పట్టి రోగుల వివరాలన్నీ పోయాయి. అక్కడి అమ్మాయి ఏడుస్తూ చేసిన ఫోను ఆయనకే వచ్చింది. అప్పట్నుంచి పాత వెర్షన్ అంటేనే ఆయనకు గుండె దడ.

చివరికి సోని ఒక్కటే అడిగింది. "మామిడి కొత్త అయ్యేదాకా ఆగండి సార్. ఆ తరవాత మీ ఇష్టం." ఆయన వెంటనే "అయ్యో, పండగ ముందు నేనెందుకు కదుపుతానండీ" అన్నాడు. ఆ మాట పట్టుకుని సోని నిశ్చింతగా గూడెం కొత్తవీధి చెవుల క్యాంపుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి.

"ఆగుతానన్నారు కద సార్" అంది ఫోనులో.

"ఆగాను కదండీ. ఉగాది వెళ్ళి వారం దాటాకే మా ఆఫీసు కుర్రాడు రవిబాబు కొత్తది పట్టుకుని బండెక్కాడు."

"ఉగాదని ఎవరన్నారు సార్? మామిడి కొత్తన్నాను నేను."

"అదేనండీ. కొత్త మామిడికాయ, పచ్చడి..."

సోని నుదురు గోడకు ఆనించింది. కిందివాళ్ళకు మామిడికాయ ఉగాది పచ్చట్లో పడితే కొత్త అయిపోయినట్టే. ఆ రోజు క్యాలెండర్లో ఎర్రగా అచ్చయి ఉంటుంది. కొండ మీద కొత్తకు క్యాలెండరు లేదు. కాయలు కండపట్టాక ఊరి పూజారి, అంటే దిసారి, మంచిరోజు చూసి చెబుతాడు. ఆ రోజు నిసాని దేవత రాళ్ళ ముందు కాయ కోసి పెట్టాకే ఊరు నోట పెట్టుకుంటుంది. అప్పటిదాకా కాయ రాలి నెత్తిన పడ్డా తినకూడదు. ఇదంతా ముందే విడమరిచి చెప్పి ఉండాల్సింది. మామిడి కొత్తంటే ఏమిటో తెలియని మనిషి లోకంలో ఉంటాడని సోనికి తట్టనే లేదు.

"పోన్లెండి సార్. పాత డబ్బా తిరిగి పంపించీండి."

"మీరు చెప్పింది కరెక్టే. కానీ అది తుడిచేశామండీ. మొత్తం క్లీన్."

ఆ "క్లీన్" అనే మాట ఆయన ఎంత సంతోషంగా అన్నాడంటే, సోనికి ఫోను విసిరికొట్టాలనిపించింది. విశాఖలో ఇంకెక్కడైనా ఏడు మిగిలిందా అని అడిగింది. అన్నిచోట్లా ఒకేసారి మార్చేశామని, ఒక్కటి కూడా మిగల్లేదని ఆయన గర్వంగా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే సుక్రు వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాడు.

సుక్రు సోనికి తల్లివైపు తాత, పైన ఈతపుట్టు గ్రామానికి దిసారి. తన తండ్రి తరవాత ఆ పని ఆయనకే వచ్చింది. ఆయన చెవి మిషను వానలకు చెమ్మ పట్టి పాడైతే సోనియే విశాఖలో బాగుచేయించి తెప్పించింది. బాగయింది గానీ లోపల ఎక్కించినవన్నీ చెరిగిపోయి ఖాళీగా వచ్చింది. మళ్ళీ ఎక్కించాలి. క్యాంపుకు బయలుదేరే రోజు ఆయన దిగివస్తే, జీపు హారన్ కొడుతోందని "సోమవారం రా తాతా" అని పంపేసింది. చెప్పినట్టే సోమవారం వచ్చాడు, జేబులోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎట్టు. బేగి ఎట్టు. కొత్తకి రోజు సూసీసినాను" అన్నాడు. "వొచ్చే శనివారం."

ఈసారి కొత్త ఆయనకు మామూలు కొత్త కాదని సోనికి తెలుసు. ఈతపుట్టులో కొత్తనాడు ఇంటికొకరు వాళ్ళ వాళ్ళ గుమ్మంలో నిలబడతారు. దిసారి నిసాని రాళ్ళ దగ్గర మామిడిముక్క చేతపట్టుకుని ఒక్కో ఇంటినీ పేరుపెట్టి పిలుస్తాడు. ఆ ఇంటివాళ్ళు గుమ్మంలోంచి "ఉన్నాం" అని పలకాలి. అన్ని ఇళ్ళూ పలికాక ఆయన ముక్క కొరుకుతాడు, ఊరంతా తింటుంది. కిందటేడు చివరింటి సోములమ్మ పలకలేదు. జ్వరంతో లేవలేకపోయింది. అప్పటికి మిషను లేని సుక్రుకి ఎలాగూ సరిగా వినపడదు కాబట్టి పలికే ఉంటుందిలే అనుకుని కొరికేశాడు. సోములమ్మ ఎవర్నీ తప్పుపట్టలేదు. ఆ ఏడాది మామిడి ముట్టుకోలేదు, అంతే. నన్ను లెక్కపెట్టకుండా అయిన కొత్త నాకు కొత్త కాదంది. వానాకాలంలో ఆమె ఆవు చచ్చిపోతే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఊరిపెద్ద యర్రయ్య ముఖానే చెప్పేశాడు, ఈయేడు కూడా వినపడకపోతే పని తమ్ముడి కొడుకు ఫల్గుణకు అప్పగించేయమని.

సోని తాత చెవి దగ్గర నోరు పెట్టి జరిగింది చెప్పింది. అంత దగ్గరగా చెబితే ఆయనకు వినపడుతుంది.

"మారిస్తే ఏటి? ఇదీ కంపూటరే కదా" అన్నాడాయన.

"ఇది నీ మిషన్ని గుర్తుపట్టదు తాతా."

"సెప్పు మరి. మా తాతదని సెప్పు."

సోని ఆ మాట అక్షరాలా లక్ష్మీప్రసాద్‌కు చెప్పలేదు గానీ, ఇంచుమించు అదే అడిగింది. ఆయన దూరం నుంచే ఆమె కంప్యూటర్లోకి వచ్చి చూస్తానన్నాడు. తెర మీద బాణం దానంతటది కదలడం మొదలెట్టింది. సుక్రు స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. పాత ప్రోగ్రాము ఎక్కించారు, ఎక్కింది. తెరిచారు, తెరుచుకుంది. సోని ఊపిరి పీల్చుకునేలోగా, వైరుకూ కంప్యూటరుకూ మధ్య ఉండే చిన్న పెట్టె ఏమిటో నాకు తెలియదని కొత్త కంప్యూటరు మొహం మీదే చెప్పేసింది. "పాత వెర్షన్ లాగా నటించమని చెబుదామండీ, అందులో అలాంటి ఏర్పాటుంది" అన్నాడు లక్ష్మీప్రసాద్. చెప్పారు. నటించింది. పెట్టెను మాత్రం గుర్తుపట్టలేదు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేద్దామన్నాడు. ఆపబోతే అది అప్‌డేట్లు చేసుకుంటున్నాను, నన్ను ఆపొద్దు అని తెర మీద రాసింది. ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంది. ఇంకాస్తలో అవుతుందనగా కరెంటు పోయింది.

"రేపు మళ్ళీ చూద్దామండీ" అన్నాడు ఫోనులో.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. టవరుంటే కరెంటు లేదు, కరెంటుంటే టవరు లేదు, రెండూ ఉన్నపూట లక్ష్మీప్రసాద్ మీటింగులో ఉన్నాడు. సోని నిద్రలో కూడా ఆ తిరిగే చక్రాన్నే తిట్టుకుంది. చివరికి ఆయనే, నిజంగా నొచ్చుకుంటూ, ఇది కాదని ఒప్పుకున్నాడు. ఊరుకోకుండా ఒక మంచిపని కూడా చేశాడు. మీ తాతగారికి ట్రస్టు తరఫున కొత్త మిషను పంపుతున్నానని, అది పదకొండుతో పువ్వులా పనిచేస్తుందని చెప్పి, బస్సులో పార్శిల్ వేశాడు.

కొత్త మిషను నిజంగానే బాగుంది. వైరు కూడా అక్కర్లేదు. దగ్గర పెడితే కంప్యూటరు వెంటనే పట్టుకుంది. సోని చెవి పరీక్ష చేసి, తాతకు ఏది ఎంత కావాలో అంతా ఎక్కించి, పెట్టబోయింది. సుక్రు తల పక్కకు తిప్పేశాడు.

"కొత్త అయ్యాక ఎట్టు."

"ఏటి తాతా?"

"కొత్త కాకముందు కొత్తది ముట్టను."

సోని మిషను బల్ల మీద పెట్టింది. తరవాత చెవి దగ్గరకు వంగి, వీలైనంత నెమ్మదిగా చెప్పింది. "అది కాయలకి తాతా. సెట్టు మీద కాసినదానికి. మిషను సెట్టు మీద కాయనేదు. నీ ఒంటి మీద లుంగీ కొత్తదే కదా."

"లుంగీతో కొత్త ఎట్టను గుంటా. సెవితో ఎడతాను. ఊరందరి మాటా ఈ సెవితోనే ఇనాల, ఇన్నాకే కొరకాల. కొత్తని పిలిసే సెవే ముందు కొత్తదైపోతే నిసానికి ఏటి సెప్తాను?"

"మరి ఇనపడకపోతే పని ఫల్గుణకి ఇచ్చీమంటన్నారు కదా."

"పాతదాన్లో ఎక్కించు."

"పాతదాన్లో ఎక్కదు తాతా. ఎన్నిసార్లు సెప్పను?"

"అయితే కొత్త అయ్యాక ఎట్టు" అన్నాడాయన, చాలా సులువైన సంగతి చెబుతున్నట్టు.

సోని లేచి బయటికెళ్ళి, ఆసుపత్రి పంపు కింద ముఖం పెట్టింది. నీళ్ళు చల్లగా తగిలినా మంట చల్లారలేదు. కొత్త మిషను పెట్టాలంటే కొత్త అవ్వాలి. కొత్త అవ్వాలంటే తాతకు వినపడాలి. వినపడాలంటే పాత మిషను పలకాలి. పాతది పలకాలంటే ఏడు కావాలి, ఏడును పట్టుకెళ్ళి క్లీన్ చేసేశారు. కింద ఒకాయన కొత్త వచ్చిందంటే పాతది క్షణం కూడా ఉండకూడదంటాడు. పైన ఒకాయన కొత్త వేళ కాకముందు కొత్తదాన్ని వేలితో కూడా తాకనంటాడు. ఇద్దరూ మొండివాళ్ళే, ఇద్దరూ మంచివాళ్ళే, మధ్యలో నలిగి చస్తున్నది తను. క్యాంపుకు వెళ్ళే ముందు ఆ జీపును కాసేపు ఆపి ఉంటే ఈ పాట్లేవీ ఉండేవి కావు. ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకు ఏడుపొచ్చింది.

శనివారం సెలవు పెట్టి, కొత్త మిషను సంచిలో వేసుకుని ఈతపుట్టు ఎక్కింది. దారి పొడవునా మామిడిచెట్ల కింద రాలిన కాయలు రాలినట్టే ఉన్నాయి. పిల్లలు వాటి చుట్టూ తిరుగుతున్నారు గానీ తీయడం లేదు. తాత పక్కన నిలబడి, ఇల్లు పలికినప్పుడల్లా భుజం నొక్కుతానని ఆమె పథకం. చెవిలో చెప్పి చూసింది. సుక్రు ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వింటే నేనిన్నట్టా?"

నిసాని రాళ్ళు ఊరికి ఎగువన, కాస్త ఎత్తులో ఉంటాయి. ఊరు మొత్తానికి ఫోను సిగ్నలు అందేది కూడా అక్కడే. సుక్రు స్నానం చేసి వచ్చి, రాళ్ళకు పసుపు పెట్టి, కాయ కోసి, అడ్డాకులో పెట్టాడు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని మొదటి ఇంటిని పిలిచాడు. కింద గుమ్మంలోంచి "ఉన్నాం" అని గట్టిగా వచ్చింది. సుక్రు చెవి ఒగ్గి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇనపడనేదు" అన్నాడు.

మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పలికారు, ఈసారి ఇంటిల్లిపాదీ కలిసి అరిచారు.

"ఇనపడనేదు."

పక్కనే ఉన్న యర్రయ్య విసుక్కున్నాడు. ఫల్గుణ ముందుకొచ్చి చెయ్యి చాపాడు, పెద్దనాన్నను నొప్పించాలని కాదు, ఎండెక్కిపోతోందని. సుక్రు ముక్క ఇవ్వలేదు. కొరకనూ లేదు. మళ్ళీ పిలిచాడు. గుమ్మాల్లో పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఎవరో ఆడమనిషి, పలుకుతూనే ఉన్నాం కదా, కొరికీరాదా అని అరిచింది. సోనికి ఆ మనిషి మీద కోపమొచ్చింది, తాత మీద వచ్చింది, విశాఖ మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ తన మీద వచ్చింది.

"పెద్దనాన్నా, ఆల్లు పలికినారు. నేను ఇన్నాను" అని ఫల్గుణ ఆయన చెవిలో అరిచాడు.

"పోయినేడు నేనూ అలాగే అనుకున్నాను" అన్నాడు సుక్రు. ఆ మాట నెమ్మదిగానే అన్నా, ఊరికి ఎగువనున్న చోటు కావడంతో అందరికీ వినపడింది. "ఈయేడు ఇనకుండా కొరకను. ఎండిపోతే ఎండిపోనీ."

అప్పుడు చివరింటి సోములమ్మ గుమ్మం దిగింది. కొత్తనాడు పలకకముందు గుమ్మం దాటకూడదు. అది తెలిసీ, కర్ర పోటు వేసుకుంటూ, అందరి ఇళ్ళముందు నుంచీ నడుస్తూ పైకి వచ్చింది. వద్దని ఎవరూ అనలేకపోయారు. అనాల్సిన యర్రయ్యే పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె సుక్రు దగ్గరకొచ్చి, ఆయన చెవి పట్టుకుని కిందికి వంచి, అందులో నోరు పెట్టింది.

"ఉన్నాను" అంది.

సుక్రు వంగినవాడు వంగినట్టే, "ఇన్నాను" అన్నాడు.

ఇక మిగతా ఇళ్ళు ఆగలేదు. ఒకరి వెనక ఒకరు పైకొచ్చారు, చంకల్లో పిల్లలతో వచ్చారు. ఒక్కొక్కరూ ఆయన చెవి వంచుకుని పలికారు. ఆయన ఒక్కొక్కరి పేరూ పిలిచి, ఒక్కొక్కరికీ "ఇన్నాను" అని చెప్పాడు. ఆఖరి మనిషి పలికాక ముక్క కొరికాడు. పుల్లగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకున్నాడు. ఆ తరవాత ఊరు మామిడికాయల మీద పడింది. సోములమ్మ రాయి మీద చతికిలబడి, రెండు చేతులా పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా తింది. కారం లేదు, ఉప్పు లేదు, టెంక దాకా తింది.

సుక్రు చెయ్యి తుడుచుకుని సోని ముందు తల వంచాడు.

"ఇప్పుడెట్టు ఆ కొత్తది."

సోని సంచిలోంచి తీసి పెట్టింది. మిషను పలకగానే ఆయన ఉలిక్కిపడ్డాడు, ఊరంతా ఒకేసారి నములుతున్న చప్పుడుకి మొహం చిట్లించాడు. "ఏటే గుంటా, ఇంత గోలగా తింటారేటి ఈల్లు" అన్నాడు. సోని నవ్వబోయింది, నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. ఆయన దోసిట్లోంచి ఒక ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అంతలో ఫోను మోగింది. లక్ష్మీప్రసాద్.

"తాతగారికి ఎలా ఉందండీ కొత్తది?"

"బాగుంది సార్. ఇప్పుడే పెట్టాను."

"చెప్పానా! ఇంకో శుభవార్త. ఆ మిషను ప్రోగ్రాముకే కొత్త వెర్షన్ వచ్చిందండీ. ఇంకా బాగుంటుందట. సోమవారం పొద్దున్నే ఇక్కడి నుంచి అన్ని సెంటర్లలోకీ ఒకేసారి వేసేస్తున్నాం. ఊరికే మీ చెవిన వేద్దామని."

సోని చుట్టూ చూసింది. సోములమ్మ టెంక నాకుతోంది. తాత కొత్త చెవితో పక్కవాళ్ళ మాటలు వింటూ తల ఊపుతున్నాడు.

"పేరు పేరునా పిలిచారా సార్?" అంది.

"ఎవర్నండీ?"

"సెంటర్లని. అందరూ పలికారా?"

"అంటే... మెయిల్ పెట్టామండీ. ఎవరూ ఏమీ అనలేదు. అంటే సరేననే కదా."

"నేనింకా పలకలేదు సార్" అంది సోని. ఆయన మళ్ళీ కరెక్టే అనేలోగా ఫోను కట్టేసి, చేతిలో ముక్క కొరికింది.